వానలు తగ్గాక చిన్న నర్సరీలో ఏం పెట్టాలి? దసరా నుంచి సంక్రాంతి దాకా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: సిద్దిపేట దగ్గర రోడ్డు పక్కన పది గుంటల్లో ఈ జూన్‌లోనే నర్సరీ మొదలుపెట్టారు. వానలకు మామిడి, జామ, కొబ్బరి మొక్కలు, కూరగాయ నారు బాగానే పోయాయి. భాద్రపదం వచ్చేసరికి కొనేవాళ్లు తగ్గారు. కడియం నుంచి తెప్పించిన పూల చామంతులు వారం పది రోజుల్లోనే వాడిపోయాయి. దసరాకు మళ్లీ లోడు తెప్పించాలా, సొంతంగా పెంచాలా, అసలు ఏ మొక్కలు పెట్టాలి అని టెన్షన్ పడుతున్నారు.

ముందు సూటిగా చెప్తాను. బంతి, కూరగాయ నారు మీరే పెంచండి. చామంతి, గులాబీ ఈ ఏడాదికి తెప్పించుకోండి, కానీ విచ్చినవి వద్దు, పచ్చి మొగ్గ మీద ఉన్నవే అడగండి. పెటూనియా, డయాంథస్ లాంటి చలి పూల మొక్కలు దీపావళి దాటేదాకా తేవద్దు. కార్తీకం కోసం తులసి, ఉసిరి, మారేడు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి మొక్కకూ పండగ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం. ఈ కాలంలో నర్సరీ నిలబడేదీ నష్టపోయేదీ ఆ లెక్క దగ్గరే.

మాది మీరు మొక్కలు తెప్పించిన కడియం పక్కనే ఉన్న కడియపులంక. నాన్న చేతి నుంచి నాకు వచ్చిన నర్సరీ, మా ఊళ్లో ఉన్న పెద్ద నర్సరీలతో పోలిస్తే చాలా చిన్నది. అందుకే మీ పది గుంటల ఇబ్బందులు నాకు బాగా తెలుసు. పెద్దవాళ్లకు ఒక మడి పోయినా ఇంకో మడి ఉంటుంది, మనకు ఉండదు.

భాద్రపదంలో కొనేవాళ్లు తగ్గడం చూసి కంగారు పడకండి. అది అన్ని నర్సరీల్లోనూ ఉండేదే. చెట్ల మొక్కలు కొనేవాళ్లు తొలకరికే కొనేసి ఉంటారు, పూల మొక్కలు కొనేవాళ్లు ఇంకా బయటికి రారు. కానీ మొక్కల వైపు నుంచి చూస్తే ఇది చాలా చురుకైన సమయం. నేలలో తేమ ఉంటుంది, మట్టి ఇంకా వెచ్చగా ఉంటుంది, మబ్బులు విడిపోయి ఎండ తిరిగి వస్తుంది. శరత్తులో మన దగ్గర మొక్కలు రెండోసారి చిగురిస్తాయి. వానలకు కవర్లలోని సారం కొట్టుకుపోయి ఆకులు పాలిపోయి ఉంటాయి కదా, ఇప్పుడు కవరుకు గుప్పెడు వర్మీకంపోస్టు వేసి, లీటరు నీటికి 2 గ్రాముల 19:19:19 (నీళ్లలో కరిగే నత్రజని, భాస్వరం, పొటాష్ ఎరువు) కలిపి వారానికోసారి పోస్తే కొద్ది రోజుల్లోనే రంగు తిరుగుతుంది. అమ్ముడుపోని జామ, నిమ్మ మొక్కలకు కూడా ఇదే చేయండి. పాలిపోయిన మొక్కను ఎవరూ కొనరు, అదే మొక్కకు నాలుగు కొత్త ఆకులు వస్తే మళ్లీ గిరాకీ వస్తుంది.

చామంతి ఎందుకు వాడిపోయింది

మీరు ఎక్కువ బాధపడింది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మూడు కారణాలు కలిసి ఉంటాయి.

మొదటిది మట్టి. మా వైపు మొక్కల వేళ్ల చుట్టూ ఉండేది గోదావరి ఒండ్రు, జిగురు మట్టి. లారీలో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చేసరికి ఆ మట్టి ముద్ద పైన గట్టిపడుతుంది. మీరు దాన్ని ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపిన కుండీలో పెట్టి నీళ్లు పోస్తే, నీళ్లు చుట్టూ ఉన్న తేలిక మట్టిలోంచి జారిపోతాయి, ముద్ద లోపల మాత్రం పొడిగా ఉండిపోతుంది. కుండీ తడిగా కనిపిస్తుంది, మొక్క దాహంతో వాడిపోతుంది. అది చూసి ఇంకాసిన్ని నీళ్లు పోస్తారు. ఆ నీటికి ముద్ద చివరికి నానుతుంది కానీ, నానాక మళ్లీ ఆరదు. అప్పుడు వేరు కుళ్లుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆకు వేలాడిపోతుంది. అందుకని లోడు దిగగానే కుండీలు మార్చకండి. కవరుతోనే బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి తీసి, నీడలో నాలుగైదు రోజులు ఉంచండి. ఆ రోజుల్లో ఎరువు వేయవద్దు. తర్వాత మార్చేటప్పుడు ముద్దను పూర్తిగా పగలగొట్టకుండా, చుట్టూ పైపొరను మాత్రం వేళ్లతో వదులు చేయండి. పూత మీద ఉన్న మొక్కకు వేళ్లు తెగితే తట్టుకోలేదు.

రెండోది, విచ్చిన పూలతో తెప్పించడం. విచ్చిన చామంతి మొక్క తన పని దాదాపు ముగించుకున్నట్టే. ప్రయాణంలో రెక్కలు నలుగుతాయి, నలిగిన చోట బూజు పడుతుంది. మొగ్గ పచ్చగా ఉండి, కొనలో రంగు కొంచెం కనిపించీ కనిపించనట్టు ఉన్న మొక్క అయితే మీ దగ్గర విచ్చుకుంటుంది, కొన్నవాళ్ల ఇంట్లో నెల దాకా నిలుస్తుంది. ఫోన్‌లో ఆర్డరు ఇచ్చేటప్పుడు ఫొటో కాదు, ఆ రోజు తీసిన వీడియో అడగండి. మొగ్గలు దగ్గరగా చూపించమనండి. అడిగితే మా వాళ్లు చూపిస్తారు.

మూడోది నీళ్లు పోసే వేళ. వానాకాలం అలవాటుతో సాయంత్రం పైపు పట్టి ఆకుల మీదుగా పోసేస్తుంటారు. ఆశ్వయుజంలో రాత్రి మంచు మొదలవుతుంది. సాయంత్రం తడిసిన ఆకు తెల్లారేదాకా ఆరదు, కింది ఆకుల మీద నల్ల మచ్చలు వచ్చి పైకి పాకుతాయి. ఇప్పటి నుంచి నీళ్లు పొద్దున పూటే, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి. పోసే ముందు కవరును చేత్తో ఎత్తి చూడండి. బరువుగా ఉంటే ఆ రోజు మానేయండి. పైమట్టి రంగు చూసి పోసేవాళ్లకే ఈ కాలంలో మొక్కలు ఎక్కువ చనిపోతాయి.

చామంతి గురించి ఇంకొక్క మాట. రాత్రి పొడవు పెరిగే కొద్దీ మొగ్గ పట్టే మొక్క అది. మీ వైపు జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. మీరు రోడ్డు పక్కన ఉన్నానన్నారు కాబట్టి వీధి దీపం ఎక్కడుందో చూసుకోండి. దీపం వెలుతురు రాత్రంతా పడే వరసలో చామంతి ఆకులు వేస్తూ పోతుంది కానీ మొగ్గ ఆలస్యం చేస్తుంది. క్రిస్మస్‌కు ఎర్రబడే పాయిన్‌సెట్టియా కూడా అంతే. సికింద్రాబాద్ నుంచి ఒకావిడ ప్రతి డిసెంబరులో ఫోన్ చేసి, మొక్క ఏపుగా ఉంది కానీ ఒక్క ఆకు కూడా ఎర్రబడలేదని అడిగేవారు. బాల్కనీలో రాత్రి పది దాకా ట్యూబ్‌లైటు వెలుగుతుందని మాటల్లో తెలిసింది. అక్టోబరు నుంచి సాయంత్రం ఐదింటికి మొక్కను చీకటి గదిలో పెట్టి పొద్దున బయటికి తీయమన్నాను. ఆ ఏడు పండగకు ఎర్రగా తయారైంది. మీరు పెంచే పాయిన్‌సెట్టియాలకు కూడా రాత్రంతా దీపం వెలుతురు తగలకుండా చూడండి. దీపం వైపు నల్ల పట్టా కడితే చాలు.

బంతి లెక్క

బంతి మీరే పెంచండి అన్నది ఎందుకంటే, దానికి తెలివితేటలకన్నా తేదీ ముఖ్యం. విత్తనం నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. ప్రోట్రేలో (నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రే) 25 రోజులకు నారు తయారవుతుంది. కవరులోకి మార్చాక రకాన్ని బట్టి ఇంకో 35 నుంచి 45 రోజులకు మొదటి పూలు వస్తాయి. అంటే విత్తిన రోజు నుంచి రెండు నెలలు, కొంచెం అటూ ఇటూ. చిన్న పూల కారబంతి ఇంకాస్త ముందే పూస్తుంది.

ఇక్కడ చిక్కు ఏమిటంటే దసరా ఏటా ఒకే తేదీన రాదు. 2024లో అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2న. పది రోజుల తేడా. పోయినేడు ఈ రోజున విత్తాం కదా అని మళ్లీ అదే రోజున విత్తితే పూలు పండగ అయ్యాక రావచ్చు, లేదా మరీ ముందే వచ్చేయొచ్చు. పంచాంగం చూసి, పండగకు వారం ముందు మొదటి పువ్వు విచ్చేలా వెనక్కి లెక్కపెట్టండి. మీ వైపు బతుకమ్మ ఉంది కాబట్టి ఇంకా ముందుకు జరపాలి. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడే ఎంగిలి పూల బతుకమ్మ మొదలవుతుంది కదా. కుండీలో పూసిన బంతిని ఎవరూ బతుకమ్మకు కోయరు, నిజమే. కానీ ఆ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు పూల మీద మనసు పెట్టుకుని ఉంటారు, పూలున్న మొక్క కనిపిస్తే ఆగి కొంటారు.

అన్నీ ఒకేసారి విత్తకండి. వారం తేడాతో మూడు దఫాలుగా విత్తితే దసరా, దీపావళి, కార్తీకం మూడింటికీ సరిపోతుంది. ఈ దసరా కుదరకపోతే దీపావళికి లెక్క వేసుకుని ఈ వారమే మొదలుపెట్టండి. నారు కవరులోకి మార్చిన కొన్నాళ్లకు తల తుంచితే కొమ్మలు బాగా వస్తాయి, పూత మాత్రం వారం పది రోజులు వెనక్కి పోతుంది. చివరి దఫాకు తల తుంచండి, మొదటి దఫాకు వద్దు.

నారుమడిలో ఈ కాలపు పెద్ద శత్రువు నారుకుళ్లు. మబ్బు పట్టి ఉన్న రోజుల్లో మొలకలు నేలకు ఆనుకున్న చోట నీరుపట్టి ఒరిగిపోతాయి. ప్రోట్రేలు నేల మీద పెట్టకుండా బల్ల మీదో ఇటుకల మీదో పెట్టండి. మొదటి మొలక ఒరగగానే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. రేపు చూద్దాం అనుకుంటే ట్రే మొత్తం పోతుంది. టమాటా, వంగ, మిరప, క్యాబేజీ నారుకు కూడా ఇదే జాగ్రత్త. డాబా మీద కూరగాయలు పెంచేవాళ్లు అక్టోబరులో నారు కోసం తిరుగుతారు. తక్కువ పెట్టుబడి, నెల లోపే డబ్బు చేతికొస్తుంది. మీకు ఇది వదలొద్దని గట్టిగా చెప్తాను.

గులాబీ మీద పెద్దగా చెప్పక్కర్లేదు. మీ దగ్గర మిగిలిన పాత గులాబీలను పారేయకండి. వానలు ఆగాక, అక్టోబరు రెండో మూడో వారంలో ఎండు కొమ్మలు, సన్న కొమ్మలు తీసేసి మిగతావి సగానికి కత్తిరించండి. కోసిన చోట బోర్డో పేస్టు (మైలతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి, లేకపోతే అక్కడి నుంచి కొమ్మ ఎండుతూ కిందికి దిగుతుంది. నలభై, నలభై అయిదు రోజులకు పూత వస్తుంది. సరిగ్గా చలి మొదలయ్యే వేళకు మంచి రంగుతో పూలుంటాయి. అంటు కింది నుంచి వచ్చే అడవి కొమ్మలను మాత్రం మొదట్లోకి విరిచేయండి.

మల్లె గురించి కూడా అడుగుతారు జనం. ఇప్పుడు పూత లేదేమని విసుక్కుంటారు. అది విశ్రాంతికి పోయే కాలం. చలి చివర కత్తిరించి, ఎరువు వేసి, నీళ్లు మొదలుపెడితే వేసవికి పూస్తుందని నిజం చెప్పి అమ్మండి. చెప్పి అమ్మిన మొక్క వల్ల ఆ మనిషి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

దసరా, కార్తీకం మొక్కలు. దసరాకు జమ్మి అడుగుతారు. అపార్టుమెంట్లవాళ్లు, గుడివాళ్లు, బడివాళ్లు కొంటారు. చిన్న మొక్క ముళ్లతో బక్కగా ఉంటుంది, చూపుకు ఆనదు, కానీ ఆ వారం దాని కోసమే బండి ఆపేవాళ్లుంటారు. బతుకమ్మలో పేర్చే తంగేడు కూడా కొన్ని కవర్లు ఉంచండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం అయినా చేలగట్లు తగ్గి దొరకడం కష్టమవుతోంది, నీళ్లు పెద్దగా అడగని మొక్క. బతుకమ్మకే వాడే గునుగు చేలల్లో కలుపుగా వస్తుంది కాబట్టి ఎవరూ కొనరు. దాని జాతిదే అయిన సీతమ్మ జడను మాత్రం కుండీల్లో వేయండి, ఎరుపు, పసుపు రంగులు ముందు వరసలో నిలిచి పిలుస్తాయి.

కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి తులసి, ఉసిరి రెండూ కావాలి. ఉసిరి పూజకు కొనేవాళ్లకు గింజ మొక్క చాలు, చవకగా ఇవ్వొచ్చు. పెరట్లో వేసి కాయలు తినాలనుకునేవాళ్లకు అంటు మొక్కలు ఇవ్వండి, అవి కూడా ఒకే రకం కాకుండా రెండు రకాలు పక్కపక్కన వేసుకోమనండి, కాపు మెరుగ్గా ఉంటుంది. ఏది గింజ మొక్కో ఏది అంటో విడివిడి వరసల్లో పెట్టి కచ్చితంగా చెప్పండి. ఇక్కడ చేసిన మోసం నాలుగేళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి మీ పేరు పాడవుతుంది. తులసి విషయానికొస్తే, ఇప్పటి నుంచే వెన్నులు వచ్చినవి వచ్చినట్టు తుంచుతూ ఉండండి. గింజ కట్టనిస్తే మొక్క కట్టెబారి, చలికి ఆకు రాలుస్తుంది. కార్తీకంలో గుబురుగా కనిపించాలంటే ఆశ్వయుజమంతా తుంచాల్సిందే.

నాకు బాగా ఇష్టమైనది, చాలా నర్సరీలు మర్చిపోయినది డిసెంబరం పువ్వు. ఊదా, తెలుపు, చారల రకాలు ఉంటాయి. చలి మొదలైతే చాలు విరగబూస్తుంది, తెగులు దాదాపు ఉండదు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. ధనుర్మాసంలో అమ్మమ్మ ఇంట్లో చూశామని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. మీ ఊళ్లో ఎవరి పెరట్లోనో తప్పకుండా ఉంటుంది, అడిగి కొమ్మలు తెచ్చుకుని ఈ వానలు పోయేలోగా గుచ్చండి. పైసా ఖర్చు లేని సరుకు. పారిజాతం కూడా ఇప్పుడే పూస్తుంది. పొద్దున్నే వచ్చినవాళ్లకు రాలిన పూలు కనిపించేలా గేటు దగ్గర ఒక పెద్ద మొక్క నేలలో నాటుకోండి.

పెటూనియా, డయాంథస్, ఫ్లాక్స్, పాన్సీ వద్దన్నది ఎప్పటికీ కాదు. మీ వైపు రాత్రులు మా గోదావరి ఒడ్డు కన్నా బాగా చల్లబడతాయి, అవి మాకన్నా మీ దగ్గరే బాగుంటాయి. కానీ అక్టోబరు ఎండకు అవి సాగిపోతాయి, తుఫాను వానకు కుళ్లిపోతాయి. నవంబరు మధ్య నుంచి తెండి. గింజ వేసి పెంచాలనుకుంటే పెటూనియా గింజ దుమ్ములా ఉంటుంది, మట్టి కప్పకూడదు, దానికి మొలవడానికి వెలుతురు కావాలి.

తుఫాను మాట వచ్చింది కాబట్టి లోడు ఎప్పుడు తెప్పించాలో కూడా చెప్తాను. కోస్తాకు అక్టోబరు ప్రమాదకరమైన నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న, మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి. ఇలాంటప్పుడు మా దగ్గర మడుల్లో నీళ్లు నిలుస్తాయి, లారీలు ఆగుతాయి, మొక్క ఎక్కించినా పూలు పాడవుతాయి. పండగకు రెండు రోజుల ముందు చేరేలా ఆర్డరు పెట్టకండి. పది పన్నెండు రోజుల ముందే తెప్పించుకుంటే మొక్క మీ నీళ్లకూ గాలికీ అలవాటు పడే సమయం కూడా దొరుకుతుంది. లారీ పైన పట్టా కట్టమని గట్టిగా చెప్పండి. హైవే గాలికి ఒక్క రాత్రిలో ఆకులు చింపిరిగా తయారవుతాయి.

మీరు ప్రశ్నలో రాయలేదు కానీ, నీడ మారుతుంది, దాన్ని ఇప్పుడే చూసుకోండి. జూన్‌లో మీకు సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తిన, కొంచెం ఉత్తరం వైపు ఉంటాడు. డిసెంబరుకు దక్షిణం వైపు బాగా దిగిపోతాడు. మీ స్థలానికి దక్షిణాన పది అడుగుల గోడ ఉంటే డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ దాదాపు తొమ్మిది అడుగులు పడుతుంది. వేసవిలో ఎండ మాడ్చిన చోటే చామంతికి ఎండ చాలకుండా పోతుంది. పూల మొక్కలను ఉత్తరం వైపు వరసలకు జరపండి, గోడ నీడలో ఫెర్నులు, మనీప్లాంటు, ఇంటి లోపల పెంచే మొక్కలు పెట్టండి. పూల వరసల పైన ఉన్న 50 శాతం షేడ్‌నెట్‌ను వానలు పూర్తిగా ఆగాక చుట్టేయండి. నెట్ కింద పెరిగిన బంతి పొడుగ్గా సాగి పడిపోతుంది.

ఇక పురుగుల సంగతి. వానల చివర నత్తలు విపరీతంగా ఉంటాయి. రాత్రి టార్చి వేసి ఏరడమే మంచి మార్గం. తడి గోనెసంచులు పరిచి పెడితే తెల్లారేసరికి వాటి కింద చేరతాయి. ఉప్పు చల్లమని చాలామంది చెప్తారు, వద్దు, ఆ ఉప్పు మీ కవర్ల మట్టిలోకే దిగుతుంది. చలి పెరిగే కొద్దీ చామంతి లేత కొనల్లో నల్ల పేనుబంక చేరుతుంది, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లతో కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున పట్టేలా కొట్టండి. దీని ఒక్కదానికే సాయంత్రం, ఎండలో వేపనూనె ఆకును మాడుస్తుంది. నందివర్ధనం మీద వేలెడంత పచ్చ గొంగళి పురుగు, కరివేపాకు మీద ఆకుపచ్చ పురుగు కనిపిస్తే మందు కొట్టకండి. చేత్తో తీసి అమ్మకానికి లేని పాత మొక్క మీదికి మార్చండి. నర్సరీలో సీతాకోకచిలుకలు, తూనీగలు తిరుగుతుంటే పిల్లలు తల్లిదండ్రుల చెయ్యి పట్టి లోపలికి లాక్కొస్తారు. మా దగ్గర ఆదివారాలు ఈ కాలంలో అలాగే నిండుతాయి.

చివరిగా, జనవరిలో పూత అయిపోయిన చామంతులను చవకగా వదిలించుకోకండి. నేలకు నాలుగు వేళ్ల ఎత్తు ఉంచి కోసేసి, కొంచెం నీడలో పెట్టి, పొదుపుగా నీళ్లు పోస్తూ ఉండండి. మొదట్లోంచి పిలకలు వస్తాయి. వేసవి గడిపించి, మే, జూన్‌లో ఆ కొమ్మలు కత్తిరించి ఇసుకలో గుచ్చితే వచ్చే దసరా, దీపావళి చామంతి మీ మట్టిలోనే పుట్టి పెరిగినదవుతుంది, ప్రయాణం లేదు, మట్టి ముద్ద గొడవ లేదు. వేసవిలో వాటికి ఎంత నీడ కావాలో, ఏ రకాలు మీ ఎండకు నిలుస్తాయో చెప్పాలంటే మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా లేదా తెలియాలి. కవర్ల అంచుల మీద తెల్లటి పొర కడుతోందేమో చూసి రాయండి.